మూత్రవేగం – నిరోధం, శిక్షణ: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

మూత్రవిసర్జన ప్రతి మనిషికి నిత్యకృత్యం. దాని వేగం అకస్మాత్తుగా, ఆపుకోలేనంత తీవ్రంగా వచ్చే స్థితిని ఆధునిక వైద్యం ఒక ప్రత్యేక లక్షణంగా గుర్తించింది. ప్రాణాంతకం కాకపోయినా ఈ స్థితి మనిషి ప్రయాణాన్ని, ఉద్యోగాన్ని, నిద్రను, సభామర్యాదను శాసిస్తుంది. మూత్రవేగాన్ని ఆపుకోవడం గురించి ఆయుర్వేద సంహితలు చెప్పిన నియమాలను, మర్యాద పేరుతో సమాజాలు విధించిన నిరోధాన్ని, ఇరవయ్యో శతాబ్దపు వైద్యులు రూపొందించిన మూత్రాశయ శిక్షణను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. వేగాన్ని ఆపవద్దన్న ప్రాచీన సూత్రానికి, కొంతసేపు ఆపడం నేర్చుకోమన్న ఆధునిక పద్ధతికి మధ్య పైకి కనిపించే వైరుధ్యం నిజమైనది కాదని, ఆపుకోవడం వ్యక్తి ఎంపికా లేక సమాజపు నిర్బంధమా అన్నదే అసలు భేదమని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: మూత్రవేగం, వేగధారణ, లఘుశంక, మూత్రాశయ శిక్షణ, కెగెల్ వ్యాయామం, మూత్రశాలలు, స్త్రీల ఆరోగ్యం.

1. ఉపోద్ఘాతం:

ఒక సమాజం ఏ విషయాన్ని పేరు పెట్టి పిలవడానికి సంకోచిస్తుందో ఆ విషయానికి ఎక్కువ పేర్లు పుడతాయి. మూత్రవిసర్జనకు తెలుగులో ఉన్న పర్యాయపదాలే ఇందుకు నిదర్శనం. పిల్లల దగ్గర నిస్సంకోచంగా వాడే మాట పెద్దల సభలో వినిపించదు. బడిలో విద్యార్థి ‘ఒంటికి’ వెళ్తానని అనుమతి అడుగుతాడు. పాతతరం వారు ‘అల్పాచమానం’ అంటారు. గ్రాంథిక ఛాయ గలవారు ‘లఘుశంక’ అంటారు. ఆసుపత్రిలో ‘మూత్రం’, ‘యూరిన్’ అన్న మాటలు వాడుకలో ఉన్నాయి. ‘ఒంటికి’ అన్నది అంకె చాటున దాక్కున్న మాట. ‘అల్పాచమానం’ శుద్ధిక్రియ పేరుతో అసలు క్రియను కప్పిపుచ్చే మాట.

వీటిలో ‘లఘుశంక’ విశేషంగా గమనించదగినది. ‘శంక’ అంటే సందేహం, భయం. మలవిసర్జనకు ‘దీర్ఘశంక’ అనీ, మూత్రవిసర్జనకు ‘లఘుశంక’ అనీ వ్యవహారం. మూత్రవేగ తీవ్రతతో బాధపడేవారి విషయంలో ఈ శంక లఘువు కాదు. బస్సు ఎక్కేముందు శంక, పెళ్ళిపందిట్లో ముందు వరుసలో కూర్చోవడానికి శంక, రెండు గంటల పరీక్ష పర్యవేక్షణకు శంక. కొత్త ఊరికి వెళ్తే ముందుగా వెతికేది మూత్రశాల ఎక్కడన్నదే. తెలుగువారు ఈ స్థితిని వ్యాధిపేరుతో కాక ‘తొందరవుతోంది’, ‘అర్జెంటుగా ఉంది’, ‘ఆపుకోలేకపోతున్నాను’ అన్న మాటలతో చెప్పుకుంటారు. ఈ మూడు మాటల్లోనూ కాలం ఉంది. వచ్చిన వేగానికి, వెళ్ళగలిగిన చోటికి మధ్య ఎంత వ్యవధి ఉందన్నదే ఈ బాధకు మూలం. ఆ వ్యవధిని వివిధ కాలాలలో వైద్యులు, సమాజాలు ఎలా అర్థం చేసుకున్నాయన్నదే ఈ పరిశీలనకు విషయం.

2. ఆయుర్వేద సంహితలలో వేగధారణ:

నేటి తెలుగులో ‘వేగం’ అంటే త్వరితగతి. వైద్యశాస్త్రంలో అది శరీరం నుంచి బయటపడడానికి ఉద్యుక్తమైన సహజ ప్రేరణ. చరకసంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయానికి ‘నవేగాన్ధారణీయం’ అని పేరు. వేగాలను ఆపరాదన్నది ఆ పేరు సారాంశం. ఆ అధ్యాయం ఆపకూడని వేగాలను పదమూడింటిని లెక్కిస్తుంది. మూత్రం, మలం, శుక్రం, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేన్పు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమ వల్ల కలిగే నిట్టూర్పు అన్నవి ఆ పదమూడు. మూత్రవేగాన్ని ఆపడం వల్ల మూత్రాశయంలోను జననాంగంలోను నొప్పి, మూత్రకృచ్ఛ్రం, తలనొప్పి, శరీరం ముందుకు వంగడం, గజ్జలలో బిగుతు కలుగుతాయని ఆ అధ్యాయం చెబుతుంది. స్వేదనం, గోరువెచ్చని నీటి తొట్టిలో కూర్చోవడం, అభ్యంగనం, వస్తికర్మ వంటివి చికిత్సలుగా సూచిస్తుంది.

అదే అధ్యాయంలో ఆపవలసిన వేగాల పట్టిక కూడా ఉండడం గమనార్హం. లోభం, శోకం, భయం, క్రోధం, ఈర్ష్య వంటి మనోవేగాలను, పరుషవాక్కు, అసత్యం వంటి వాగ్వేగాలను, హింస, దొంగతనం వంటి శరీరచేష్టలను ఆపుకోవాలని చరకం బోధిస్తుంది. అంటే నిగ్రహం అన్న గుణాన్ని ఈ శాస్త్రం తిరస్కరించలేదు. దాని పరిధిని నిర్ణయించింది. కోపాన్ని ఆపుకోవడం సంస్కారం, మూత్రాన్ని ఆపుకోవడం అనారోగ్యం. సమాజం మాత్రం తరచు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి, శరీరధర్మాన్ని అణచుకోవడాన్ని కూడా మర్యాదగా లెక్కించింది.

వాగ్భటుని అష్టాంగహృదయం సూత్రస్థానంలోని నాలుగవ అధ్యాయం మరొక అడుగు ముందుకు వేసింది. వేగాన్ని ఆపడం ఎంత దోషమో, రాని వేగాన్ని బలవంతంగా రప్పించడమూ అంతే దోషమని ఆ గ్రంథం చెబుతుంది. మొదటిది ధారణం, రెండవది ఉదీరణం. ఈ రెండవ దోషం ఆధునిక చర్చకు చాలా దగ్గరగా ఉంది. ‘మళ్ళీ వీలవుతుందో లేదో’ అన్న భయంతో అవసరం లేకపోయినా పదేపదే మూత్రశాలకు వెళ్ళే అలవాటు, కొంచెం నిండగానే ఖాళీ చేయడాన్ని మూత్రాశయానికి నేర్పుతుందని నేటి చికిత్సకులు హెచ్చరిస్తారు.

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం మూత్రాఘాత భేదాలను వివరించే సందర్భంలో ‘మూత్రాతీతం’ అన్న స్థితిని పేర్కొంటుంది. చాలాసేపు ఆపుకున్న తరువాత విసర్జించబోతే మూత్రం రాకపోవడం, లేదా మెల్లగా రావడం దాని లక్షణం. ‘అతీతం’ అన్న మాట ఇక్కడ సార్థకం. సమయం దాటిపోయిన మూత్రం అది. ఇక ప్రమేహ ప్రకరణాలు మూత్రం అధికంగా, కలుషితంగా వెలువడడాన్ని ఆ వ్యాధివర్గానికి సామాన్య లక్షణంగా చెబుతాయి. మాటిమాటికి మూత్రానికి వెళ్ళవలసి రావడం వెనుక మధుమేహం దాగి ఉండవచ్చన్న నేటి జాగ్రత్తకు ఈ పరిశీలన పూర్వరూపం.

తెలుగునాట గృహవైద్యం ఈ శాస్త్రభాషను ‘వేడి’, ‘చలువ’ అన్న జంటగా మార్చుకుంది. మూత్రంలో మంట పుడితే ఒంట్లో వేడి చేసిందని బార్లీనీళ్ళు, సబ్జాగింజలు, కొబ్బరినీళ్ళు, పల్లేరుకాయల కషాయం ఇవ్వడం ఇళ్ళలో పరిపాటి. నీరు తక్కువ తాగినందువల్ల కలిగే మంటకు ఎక్కువ ద్రవం తాగడం ఉపశమనం ఇస్తుంది. కానీ క్రిములవల్ల వచ్చిన మంటకు, మధుమేహానికి, పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి వాపుకు, మూత్రాశయపు అతిచురుకుదనానికి ‘వేడి’ అన్న ఒకే పేరు చాలదు.

3. మర్యాద విధించిన నిరోధం:

శాస్త్రం ఆపవద్దన్నా సమాజం ఆపుకోమన్న సందర్భాలు చరిత్రలో కోకొల్లలు. వాటిలో ప్రసిద్ధమైనది ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహి మరణం. 1601 అక్టోబరు 13న ప్రాగ్ నగరంలో ఒక ప్రభువు ఇంట జరిగిన విందులో మధ్యలో లేచి వెళ్ళడం అమర్యాద అని భావించి ఆయన మూత్రాన్ని ఆపుకున్నాడు. ఇంటికి వెళ్ళిన తరువాత మూత్రం రాలేదు. నొప్పి, జ్వరం, సంధిప్రేలాపనలతో అక్టోబరు 24న మరణించాడు. ఈ వృత్తాంతం ఆయన సహచరుడు యోహానెస్ కెప్లర్ నమోదు చేసిన వివరాల వల్ల లోకానికి తెలిసింది. విషప్రయోగం జరిగిందన్న అనుమానంతో 2010లో సమాధి తెరిచారు. ఆయనను చంపగల స్థాయిలో పాదరసం లేదని 2012లో పరిశోధకులు ప్రకటించారు. ఆయనకు అంతకుముందే మరేదైనా జబ్బు ఉండి ఉండవచ్చు. నాలుగు శతాబ్దాల దూరం నుంచి రోగనిర్ణయం చేయడం సాహసమే అవుతుంది. అయినా నక్షత్రాల గతిని అంత కచ్చితంగా కొలిచిన వ్యక్తి తన శరీరం ఇచ్చిన గడువును మర్యాద కోసం పక్కన పెట్టిన తీరు, సుశ్రుతుడు చెప్పిన ‘మూత్రాతీతం’ అన్న మాటను గుర్తు చేస్తుంది.

టైకోను బంధించింది ఒక రాత్రి విందు. స్త్రీలను బంధించింది నగర నిర్మాణమే. పంతొమ్మిదో శతాబ్దపు లండన్ ఇందుకు మంచి ఉదాహరణ. 1851లో హైడ్ పార్కులో జరిగిన మహాప్రదర్శనలో జార్జ్ జెన్నింగ్స్ అనే ఇంజనీరు నీటితో శుభ్రమయ్యే మరుగుదొడ్లను ఏర్పాటు చేశాడు. ఒక్క పెన్నీ చెల్లించి 8,27,280 మంది వాటిని ఉపయోగించుకున్నారని లెక్క తేలింది. ‘పెన్నీ ఖర్చు చేయడం’ అన్న ఆంగ్ల నానుడిని ఈ పద్ధతితో ముడిపెడతారు. అవసరం ఎంత విస్తృతమో ఈ సంఖ్యే చెబుతుంది. అయినప్పటికీ ఆ తరువాత నగరంలో వెలసిన మూత్రశాలలు ప్రధానంగా పురుషులవి. స్త్రీ ఇంటి నుంచి ఎంతదూరం వెళ్ళగలదన్నది ఆమె మూత్రాశయం ఎంతసేపు ఆగగలదన్న దానిపై ఆధారపడింది. చరిత్రకారులు దీనిని మూత్రపు పగ్గంగా వర్ణించారు.

1900 ప్రాంతంలో లండన్‌లోని కామ్‌డెన్ ప్రాంతంలో స్త్రీల మూత్రశాల ప్రతిపాదన వచ్చినప్పుడు స్థానికుల నుంచి తీవ్ర వ్యతిరేకత ఎదురైంది. ఆ ప్రాంతపు పాలకమండలిలో సభ్యుడైన నాటకకర్త జార్జ్ బెర్నార్డ్ షా ఆ ప్రతిపాదనను సమర్థించాడు. ఆ అనుభవాన్ని ఆధారం చేసుకుని 1909లో స్త్రీల ఓటుహక్కును సమర్థిస్తూ రాసిన వ్యాసానికి ‘ఉచ్చరించరాని వాదన’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. పాలకమండలిలో స్త్రీలు లేనిచోట స్త్రీల శరీరావసరం చర్చకు కూడా నోచుకోదన్నది ఆయన వాదసారం. మూత్రశాల లేకపోవడం కేవలం అసౌకర్యం కాదని, అది పౌరసత్వ సమస్య అని గుర్తించిన తొలి రచనలలో దీనిని చేర్చవచ్చు.

4. వైద్యశాస్త్రం కనుగొన్న వ్యవధి:

మూత్రాశయం తోలుసంచి వంటిదని, నిండితే ఒలుకుతుందని భావించినంత కాలం అత్యవసర మూత్రవేగానికి సరైన వివరణ దొరకలేదు. మూత్రాశయపు గోడలోని డెట్రూసర్ కండరం నిండుతున్నప్పుడు సడలి ఉంటుంది. పెద్దవారిలో సుమారు 150 నుంచి 200 మిల్లీలీటర్లు చేరినప్పుడు తొలి స్పృహ కలుగుతుంది. 400 నుంచి 500 మిల్లీలీటర్ల వరకు ఇబ్బంది లేకుండా నిలుపుకోగలగడం సాధారణం. 1920లలో ఎఫ్.జె.ఎఫ్. బారింగ్టన్ పిల్లులపై చేసిన ప్రయోగాలు మూత్రవిసర్జనను నియంత్రించే కేంద్రం మెదడు కాండంలో ఉందని చూపించాయి. నేటికీ ఆ భాగాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ కేంద్రానికి ‘ఇప్పుడు కాదు’ అని చెప్పేది పెద్దమెదడు ముందుభాగం. పసితనంలో లేని ఈ నియంత్రణను పిల్లలు క్రమంగా నేర్చుకుంటారు.

ఈ ఆవిష్కరణ ప్రాధాన్యం శరీరశాస్త్రానికే పరిమితం కాదు. ఆపుకోవడం నేర్చుకున్న విద్య అయితే, ఆ విద్య చెదిరినప్పుడు తిరిగి నేర్పవచ్చన్న ఆలోచనకు ఇది ఆస్కారం ఇచ్చింది. తాళం చెవి చేతిలోకి తీసుకోగానే, కుళాయి చప్పుడు వినగానే వేగం ముంచుకురావడం చాలామందికి అనుభవమే. మూత్రాశయం నిండకపోయినా అలవాటైన సంకేతానికి మెదడు స్పందిస్తుందనడానికి ఇది దృష్టాంతం.

2002లో అంతర్జాతీయ కాంటినెన్స్ సొసైటీ ఈ లక్షణాన్ని నిర్వచించింది. వాయిదా వేయడం కష్టమయ్యేంత బలంగా, హఠాత్తుగా కలిగే మూత్రవిసర్జనేచ్ఛ అన్నది ఆ నిర్వచన సారం. క్రిములు చేరడం వంటి స్పష్టమైన కారణం లేకుండా ఈ లక్షణం కనిపిస్తే దానిని అతిచురుకు మూత్రాశయంగా వ్యవహరిస్తారు. సాధారణంగా దానితోపాటు పగటిపూట మాటిమాటికి వెళ్ళడం, రాత్రి నిద్రలేవడం ఉంటాయి. కొందరిలో చేరేలోపే మూత్రం జారిపోతుంది, కొందరిలో జారదు. ఈ నిర్వచనంలో కీలకమైన మాట ‘వాయిదా’. తెలుగువారు ‘ఆపుకోలేకపోవడం’ అన్న దానినే ఆ సంస్థ శాస్త్రభాషలో చెప్పింది.

5. శిక్షణ చరిత్ర:

ఉపశమన మార్గాలలో మొదట చెప్పవలసినది కటిభాగపు అడుగు కండరాల వ్యాయామం. అమెరికన్ స్త్రీవైద్య నిపుణుడు ఆర్నాల్డ్ కెగెల్ ప్రసవానంతరం దగ్గినా తుమ్మినా మూత్రం జారిపోయే స్త్రీల కోసం ఈ వ్యాయామాన్ని ప్రతిపాదించి 1948లో ప్రచురించాడు. కండరం ఎంత బలంగా బిగుస్తోందో చూపే ఒక పరికరాన్ని కూడా రూపొందించాడు. మూత్రధారను మధ్యలో ఆపడానికి ఏ కండరాలను బిగిస్తామో వాటిని వేరే సమయంలో బిగించి, కొన్ని క్షణాలు ఉంచి వదలడం ఈ వ్యాయామ సారాంశం. ఆ కండరాలు బిగుసుకున్నప్పుడు డెట్రూసర్ కండరం సంకోచం తగ్గుతుందన్న గుర్తింపుతో, తరువాతి కాలంలో దీనిని అత్యవసర వేగాన్ని శాంతింపజేయడానికి కూడా ఉపయోగించారు.

ఈ సందర్భంలో హఠయోగ గ్రంథాలలోని మూలబంధం గుర్తుకు రావడం సహజం. పదిహేనో శతాబ్దానికి చెందినదిగా భావించే హఠయోగప్రదీపిక మడమతో మూలస్థానాన్ని ఒత్తి బిగించడాన్ని వర్ణిస్తూ, దానివల్ల మలమూత్రాలు తగ్గుతాయని ఫలం చెప్పింది. క్రియలో పోలిక ఉన్నమాట నిజం. కానీ యోగి లక్ష్యం ప్రాణాపానాల ఐక్యం, కెగెల్ లక్ష్యం బాలింత చీర తడవకుండా ఉండడం. పోలికను గుర్తించడం పరిశోధన, పోలిక నుంచి వారసత్వాన్ని ఊహించడం అత్యుత్సాహం.

రెండవది మూత్రాశయ శిక్షణ. 1966లో బ్రిటన్‌కు చెందిన జెఫ్‌కోట్, ఫ్రాన్సిస్ అనే వైద్యులు స్త్రీలలో అత్యవసర వేగంతో మూత్రం జారిపోయే స్థితిపై రాసిన పత్రంలో మూత్రాశయ క్రమశిక్షణ అన్న భావనను ప్రవేశపెట్టారు. 1970లలో ఫ్రూయెన్ దానిని కవాతు వంటి నియమబద్ధమైన పద్ధతిగా మలిచాడు. ఈ పద్ధతి నడక సులువైనదే. రోగి మూడు రోజులపాటు ఎప్పుడు, ఎంత మూత్రం పోసిందీ, ఏమి తాగిందీ ఒక పుస్తకంలో రాసుకోవాలి. సగటున గంటకోసారి వెళ్తున్నట్లు తేలితే ఆ గంటనే మొదటి గడువుగా పెట్టుకుని, వారానికి పావుగంట లేదా అరగంట చొప్పున పెంచుతూ మూడు నాలుగు గంటల వరకు చేరుకోవాలి. గడువుకు ముందే వేగం వస్తే పరుగెత్తకూడదు. పరుగు వేగాన్ని పెంచుతుంది. ఉన్నచోటనే నిలబడి లేదా కూర్చుని, కటి కండరాలను అయిదారుసార్లు చురుకుగా బిగించి వదిలి, నెమ్మదిగా ఊపిరి తీస్తూ మనసును వేరొకదానిపై నిలపాలి. మూత్రవేగం అల వంటిది. లేచి, శిఖరానికి చేరి, దిగుతుంది. శిఖరంపై ఉన్నప్పుడు పరుగెత్తేవారి కంటె, దిగిన తరువాత నిదానంగా నడిచి వెళ్ళేవారే తడవకుండా చేరుకుంటారు.

ఈ పద్ధతి ఫలితాలను నియంత్రిత పరిశోధనలు పరీక్షించాయి. 1991లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో 55 ఏళ్ళు దాటిన స్త్రీలలో మూత్రాశయ శిక్షణ వల్ల మూత్రం జారిపోయే సందర్భాలు 57 శాతం తగ్గాయి. 1998లో బర్జియో బృందం 197 మంది వృద్ధస్త్రీలపై చేసిన అధ్యయనం మరింత ప్రసిద్ధం. ప్రవర్తనా శిక్షణ పొందినవారిలో ఆ సందర్భాలు 80.7 శాతం, ఆక్సిబ్యుటినిన్ మందు వాడినవారిలో 68.5 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 39.4 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్రతో కూడా అంత మార్పు రావడం, ఈ బాధలో మనసు పాత్ర ఎంతటిదో తెలుపుతుంది. అంతమాత్రాన బాధ కల్పితమని అర్థం కాదు.

మందుల చరిత్ర దీనికి సమాంతరంగా సాగింది. అమెరికాలో ఆక్సిబ్యుటినిన్ 1975లో, టోల్టెరోడిన్ 1998లో, వేరొక మార్గంలో పనిచేసే మిరాబెగ్రాన్ 2012లో అనుమతి పొందాయి. మొదటి రెండూ ఆంటీకోలినెర్జిక్ వర్గానికి చెందినవి. నోరు ఎండిపోవడం, మలబద్ధకం వాటి దుష్ఫలితాలు. నోరు ఎండితే ఎక్కువ నీళ్ళు తాగడం, తాగితే మళ్ళీ వేగం కలగడం ఒక విషవలయం. ఈ వర్గపు మందులను దీర్ఘకాలం వాడిన వృద్ధులలో మతిభ్రంశ వ్యాధితో సంబంధం కనిపించిందని 2015లోను, 2019లోను వెలువడిన పెద్ద అధ్యయనాలు తెలిపాయి. అవి సంబంధాన్ని చూపాయి గాని కారణాన్ని నిరూపించలేదు. ఏమైనా వృద్ధులకు ఈ మందులు ఇచ్చేటప్పుడు వైద్యులు నేడు మరింత జాగ్రత్త పాటిస్తున్నారు. వీటికి లొంగని సందర్భాలలో మూత్రాశయపు గోడలోకి బొటులినమ్ సూది, త్రికాస్థి నాడిని ఉత్తేజపరిచే పరికరం వంటి మార్గాలు అందుబాటులోకి వచ్చాయి.

ఇంటిలోనే చేసుకోదగిన మార్పులూ ఉన్నాయి. కాఫీ, టీ, కూల్‌డ్రింకులు తగ్గించడం, మలబద్ధకం లేకుండా చూసుకోవడం, అధికబరువు తగ్గడం, నిద్రకు రెండు మూడు గంటల ముందు నుంచి ద్రవాలు మితం చేయడం వాటిలో ముఖ్యమైనవి. నీళ్ళు పూర్తిగా మానేయడం మాత్రం పొరపాటు. చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని రేపుతుంది, క్రిములకు అవకాశం ఇస్తుంది. మూత్రంలో రక్తం, జ్వరం, మంట, ధార సన్నబడడం, మూత్రం పూర్తిగా నిలిచిపోవడం, కాళ్ళలో తిమ్మిరి వంటివి ఉంటే శిక్షణ ప్రారంభించడానికి ముందే వైద్యపరీక్ష అవసరం.

6. భారతీయ సందర్భంలో చోటు సమస్య:

కెగెల్ పత్రం వెలువడిన 1948లోనే భారతదేశంలో కర్మాగారాల చట్టం రూపొందడం యాదృచ్ఛికమే. ఆ చట్టంలోని 19వ సెక్షన్ స్త్రీపురుష కార్మికులకు వేరువేరుగా, సరిపడినన్ని మరుగుదొడ్లు, మూత్రశాలలు ఉండాలని నిర్దేశించింది. చట్టం కర్మాగారం గేటు దగ్గర ఆగిపోయింది. పొలంలో నాట్లు వేసే కూలీ, సంతలో కూరగాయలు అమ్మే స్త్రీ, వస్త్రదుకాణంలో నిలబడి చీరలు చూపే అమ్మాయి ఆ గేటుకు బయటే ఉండిపోయారు. పల్లెల్లో స్త్రీలు తెల్లవారకముందు, చీకటి పడిన తరువాత మాత్రమే ఊరి బయటకు వెళ్ళగలిగిన కాలం ఎంతో దూరంలో లేదు. పగలంతా ఆపుకోవడం, అందుకోసం దప్పికనూ ఆపుకోవడం వారి దినచర్య. చరకుడు ఆపవద్దన్న పదమూడు వేగాలలో రెండింటిని వారు ఒకేసారి ఆపుకున్నారన్నమాట.

ఈ మౌనం ఛేదించడానికి జరిగిన ప్రయత్నాలలో రెండు ఉదాహరణలు ప్రధానమైనవి. 2011లో ముంబైలో స్వచ్ఛంద సంస్థలు కలిసి స్త్రీలకు ఉచిత, సురక్షిత మూత్రశాలల కోసం ‘రైట్ టు పీ’ ఉద్యమం ప్రారంభించాయి. పురుషులు రుసుము లేకుండా వాడుకునే చోట స్త్రీలు డబ్బు చెల్లించవలసి రావడాన్ని ఆ ఉద్యమం ప్రశ్నించింది. కేరళలో కోళికోడ్ నగరంలోని మిఠాయి తెరువు దుకాణాలలో పనిచేసే స్త్రీలు మూత్రశాల లేక, రోజంతా కూర్చోవడానికి అనుమతి లేక పడిన బాధ నుంచి పి. విజి నాయకత్వంలో ‘పెణ్‌కూట్టు’ అనే సంఘం పుట్టింది. ఆ పోరాట ఫలితంగా 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కును కల్పించింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది.

విద్యాసంస్థల విషయంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లను పాఠశాల ప్రమాణాలలో చేర్చింది. 2012లో సుప్రీంకోర్టు ఈ సదుపాయం అన్ని పాఠశాలల్లో ఉండాలని ఆదేశించింది. 2025 జనవరిలో న్యాయస్థానాల ప్రాంగణాలలో స్త్రీలకు, పురుషులకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు మరుగుదొడ్లు ఉండాలని తీర్పు ఇస్తూ, ఇది రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. షా 1909లో ‘ఉచ్చరించరానిది’గా పేర్కొన్న విషయాన్ని శతాబ్దం తరువాత భారత అత్యున్నత న్యాయస్థానం హక్కుల భాషలో ఉచ్చరించింది.

7. నిరోధం, శిక్షణ - భేదం:

పై పరిశీలన నుంచి ఒక ప్రశ్న ఎదురవుతుంది. చరకుడు ఆపవద్దన్నాడు, ఆధునిక వైద్యుడు కొంతసేపు ఆపమంటున్నాడు. ఇద్దరిలో ఎవరిది నిజం? జాగ్రత్తగా చూస్తే ఇద్దరూ మాట్లాడేది ఒకే వేగం గురించి కాదు. చరకుని దృష్టిలో వేగం అంటే సహజంగా పరిపక్వమైన ప్రేరణ. శిక్షణ లక్ష్యం తొందరపడి వచ్చిన ప్రేరణ. మూత్రాశయం పావువంతు కూడా నిండకముందే వినిపించే పిలుపును కొంచెం వాయిదా వేయడం ధారణ దోషం కిందికి రాదు. పైగా రాని వేగాన్ని తీర్చుకునే అలవాటును వాగ్భటుడు దోషంగానే గుర్తించాడు. శిక్షణ సరిదిద్దేది ఆ అలవాటునే.

రెండవ భేదం మరింత మౌలికం. శిక్షణ పొందే వ్యక్తి పక్క గదిలో మూత్రశాల ఉంటుంది. పావుగంట ఆగడం ఆమె నిర్ణయం, ఆగలేకపోతే వెళ్ళడం కూడా ఆమె నిర్ణయమే. దుకాణంలో పది గంటలు నిలబడే స్త్రీ ఆపుకోవడంలో నిర్ణయం లేదు. శరీరంలో జరిగే క్రియ ఒకటిగా కనిపించినా మొదటిది విద్య, రెండవది శిక్ష. మూత్రశాల లేనిచోట మూత్రాశయ శిక్షణను బోధించడం ఆ శిక్షకు శాస్త్రం ముసుగు వేయడమే అవుతుంది. ‘పగ్గం’ అన్న ఉపమానం ఇక్కడ మరొకసారి పనికి వస్తుంది. పగ్గాన్ని పొడిగించడం చికిత్స పని, గుంజను పెరికివేయడం సమాజం పని. ఒకటి రెండవదానికి ప్రత్యామ్నాయం కాదు.

8. ముగింపు:

- ఆయుర్వేద సంహితలు మూత్రవేగాన్ని ఆపడాన్ని, బలవంతంగా రప్పించడాన్ని రెండింటినీ దోషాలుగా గుర్తించాయి. నిగ్రహం మనోవేగాలకు వర్తిస్తుందే గాని శరీరవేగాలకు కాదని నిర్ణయించాయి.
- టైకో బ్రాహి ఉదంతం, లండన్ మూత్రశాలల చరిత్ర మర్యాద, లింగవివక్ష ఏ విధంగా శరీరధర్మాన్ని నిరోధించాయో నిరూపిస్తాయి.
- ఇరవయ్యో శతాబ్దపు వైద్యం ఆపుకోవడాన్ని నేర్చుకున్న విద్యగా గుర్తించి, దానిని తిరిగి నేర్పే పద్ధతులను రూపొందించింది. మందులతో పోల్చదగిన, ఒక్కొక్కసారి వాటికంటె మెరుగైన ఫలితాలను ఆ పద్ధతులు ఇచ్చాయి.
- భారతదేశంలో చట్టాలు, ఉద్యమాలు, న్యాయస్థానాలు ఈ అంశాన్ని సౌకర్యం స్థాయి నుంచి హక్కు స్థాయికి తీసుకువచ్చాయి.
- శిక్షణకు, నిరోధానికి మధ్య గీత గీసేది అందుబాటులో ఉన్న మూత్రశాల.

ఈ బాధ పడేవారిలో చాలామంది వైద్యుని దగ్గరకు వెళ్ళకపోవడానికి మొదటి కారణం సిగ్గు. వయసు మీద పడితే ఇంతేనన్న నమ్మకం రెండవది. చికిత్స ఉందన్న సంగతి తెలియకపోవడం మూడవది. ఈ మూడింటిలో ఏదీ మూత్రాశయానికి సంబంధించినది కాదు, మూడూ మాటకు సంబంధించినవే. ‘లఘుశంక’ అన్న చాటుమాట ఎన్నో తరాలు ఆ సిగ్గును కాపాడింది. తరగతిలో ఒక విద్యార్థిని లేచి నిలబడి సంకోచం లేకుండా అనుమతి అడగగలగడం, అధ్యాపకుడు కారణం అడగకుండా అనుమతించడం, ఆమె వెళ్ళిన చోట తలుపు, గడియ, నీళ్ళు ఉండడం అన్న మూడూ సమకూరినప్పుడు ఆ శంక నిజంగా లఘువవుతుంది.